చలమయ్య లారీ పీల్చిన గాలి

గాలి మీద ప్రభుత్వం దృష్టి ఇంకా పడలేదని మేడా చలమయ్య నలభై ఆరేళ్ళ వరకూ నమ్మాడు. నేలకి పట్టా ఉంది, నీళ్ళకి కుళాయి రసీదు ఉంది, ఇంటి ముందు అరుగు రోడ్డు మీదికి జానెడు జరిగితే దానికి నోటీసు ఉంది. గాలి ఒక్కటే మిగిలిందనీ, దాన్ని పీల్చుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదనీ అతని అభిప్రాయం. చదువుకోనివాళ్ళకి ఇలాంటి ధీమాలు ఉంటాయి. జిల్లా రవాణా కార్యాలయం వారి దయవల్ల ఆ తర్వాత అతనికీ కాస్త చదువు అబ్బింది.

చలమయ్యది తెల్లమిట్ట. ఆ ఊళ్ళో సున్నపు మిల్లులు తప్ప వేరే వ్యాపారం లేదు. గేదెలూ, కరెంటు స్తంభాలూ, పోస్టు డబ్బా, మనుషుల కనుబొమలూ అన్నీ ఒకే రంగులో ఉంటాయి. చలమయ్యకి పది టైర్ల లారీ ఒకటుంది. దానికి ఓనరు అతనే, డ్రైవరు అతనే, కడిగేవాడూ అతనే. మిల్లులో సున్నం బస్తాలు ఎక్కించుకుని, కొండదారిన పడి, అవతలి జిల్లాలోని పంచదార ఫ్యాక్టరీకి దించి రావడం అతని పని. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ లారీ కదిలితేనే.

ఆ లారీకి ఈమధ్య కొండ ఎక్కడం చేతకావడం లేదు. మొదటి మలుపు దగ్గరే ఆయాసం మొదలయ్యేది. రెండో గేరులో ఈడుస్తుంటే వెనక నల్లటి పొగ వచ్చేది. వెనక వచ్చే బస్సుల వాళ్ళు చలమయ్య ఇంట్లో ఆడవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకునేవారు. చలమయ్య బండిని మీరావలి షెడ్డుకి తోలుకుపోయాడు. మీరావలి ఆ చుట్టుపక్కల పేరున్న మెకానిక్కు. ఏ లారీనైనా చెవి పెట్టి విని జబ్బు చెప్పగలడు.

"నీ బండికి ఏ రోగమూ లేదు చలమన్నా" అన్నాడు మీరావలి, బానెట్ లోపలి నుంచి తల బయటికి తీసి. "అది పీల్చే గాలే బాగాలేదు. కంపెనీవోడు గాలి మూతి తీసకపోయి రేడియేటరు ఎనకాల పెట్టాడు. అక్కడంతా సలసలా కాగే గాలి, పైన సున్నప్పొడి. నువ్వు ఈ బానెట్ కింద అరగంట ఊపిరి పీల్చి చూడు. నువ్వూ కొండెక్కలేవు."

"మరెట్టా?"

"బయట్నుంచి చల్లగాలి లాగుదాం. కాబిను నెత్తి మీద నుంచి గొట్టం దింపుదాం. అట్టాంటిది కంపెనీ సరుకూ దొరుకుద్ది గానీ, దాని రేటు చెప్తే నువ్వు బండి ఇక్కడే ఒదిలేసి నడిచి పోతావు. మనమే చేసుకుందాం."

రెండు రోజులు పట్టింది. గొట్టానికి ఎండిపోయిన బోరులోంచి పీకిన ఆరంగుళాల కేసింగు పైపు ముక్క దొరికింది. మలుపులకి మరుగుదొడ్డి పైపు బెండులు రెండు తెచ్చారు. అవి వాడినవి కావని మీరావలి పిల్లల మీద ఒట్టేసి చెప్పాడు. ఫిల్టరు కూర్చోబెట్టడానికి పాత ఇనప కొట్లో పాల క్యాను ఒకటి ఏరి, అడుగు కోసి, మూతకి నాలుగు క్లిప్పులు పెట్టారు. ఇంజను వేడి దానికి తగలకుండా నూనె డబ్బాల రేకు సాపు చేసి అడ్డం బిగించారు. అతుకుల దగ్గర ట్రాక్టరు ట్యూబు ముక్కలు తొడిగారు. ఇక పైన గొట్టం మూతికి ఆకులూ పురుగులూ పోకుండా జల్లెడ లాంటిది ఏదైనా కావాలి. చలమయ్య ఇంటికి వెళ్ళి, భార్య సామ్రాజ్యం బియ్యం కడిగే చిల్లుల గిన్నె వైపు చూశాడు.

"అది మా అమ్మ పెట్టింది" అంది సామ్రాజ్యం, అతను నోరు తెరవకముందే.

"మన బండికే గదా పెడతన్నా. బయటోళ్ళకి ఇస్తన్నానా?"

"మరి బియ్యం ఎట్టా కడగాల?"

"చెయ్యి అడ్డం పెట్టి వంచు."

సామ్రాజ్యం గిన్నె అతని చేతిలో పెట్టి, "ఇంట్లో ఒక్కళ్ళన్నా సుఖంగా ఊపిరి పీల్చుకోనీ పో" అంది.

మరుసటి రోజు నిండు లోడుతో లారీ మూడో గేరులో కొండ ఎక్కింది. పొగ లేదు. నాలుగో మలుపు దగ్గర ఒక బస్సును దాటింది కూడా. చలమయ్యకి ఏడుపు వచ్చినంత పనైంది. కొండ పైన బండి ఆపి, దిగి, గొట్టాన్ని చేత్తో నిమిరి మళ్ళీ ఎక్కాడు. పన్నెండేళ్ళుగా తన లారీకి ఊపిరాడలేదన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

అదృష్టం అక్కడితో ఆగలేదు. మిల్లు మేనేజరు పిలిచి, వచ్చే ఒకటో తారీకు నుంచి ఏడాది పాటు సరుకంతా అతని లారీకే ఇస్తామన్నాడు. కావలసింది ఒక్కటే. లారీకి ఫిట్‌నెస్ గడువు అయిపోవచ్చింది. ముప్ఫయ్యో తారీకు సాయంత్రంలోగా కొత్త కాగితం తెచ్చి చూపించాలి. లేకపోతే వేరే బండి చూసుకుంటారు. ఇంకా ఇరవై రోజులున్నాయి కదా అని చలమయ్య నిశ్చింతగా జిల్లా కేంద్రానికి బయల్దేరాడు.

రవాణా కార్యాలయం ఆవరణలో లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. చలమయ్య ముందున్న లారీకి బ్రేకులు సరిగ్గా పడవని దాని డ్రైవరే నలుగురితో చెప్పుకుంటున్నాడు. ఆ లారీకి పావుగంటలో పని అయిపోయింది. తర్వాత బ్రేకు ఇన్‌స్పెక్టర్ సర్వోత్తమరావు చలమయ్య లారీ దగ్గరికి వచ్చాడు. ఆయన బ్రేకుల జోలికి పోలేదు. తల ఎత్తి పైకి చూశాడు.

"ఇదేమిటి?"

"గొట్టం సార్."

"గొట్టమని కనబడుతూనే ఉంది. ఎందుకు?"

"గాలికి సార్. చల్లగాలి కోసం."

సర్వోత్తమరావు జేబులోంచి పెన్ను తీశాడు. "ఈ వాహనం ఇదివరకు పీల్చిన గాలీ, ఇప్పుడు పీలుస్తున్న గాలీ ఒకటేనా, వేరువేరా?"

ఇలాంటి చోట్ల ఏమీ మారలేదని చెప్పడమే మంచిదని చలమయ్యకి అనుభవం. "ఒకటే సార్. ఏదైనా గాలే గదా" అన్నాడు.

"ఒకటే అయితే ఈ గొట్టం నిష్ప్రయోజనమైన అదనపు నిర్మాణం. వాహనాలకి నిష్ప్రయోజనమైన నిర్మాణాలు ఉండరాదు."

"అంటే, ఒకటి కాదులెండి సార్. వేరే గాలి."

"వేరే అయితే మరీ తీవ్రమైన విషయం. తయారీదారు నిర్దేశించిన గాలిని మార్చే అధికారం యజమానికి లేదు. సదరు వాహనాన్ని స్వాధీనం చేసుకోవలసి ఉంటుంది."

"మరి నన్నేం చెప్పమంటారు సార్?"

"ఫలానాది చెప్పమని నేననకూడదు. నువ్వు చెప్పింది రాసుకోవడమే నా విధి. నువ్వు రెండూ చెప్పావు. నేను రెండూ రాశాను."

"ఇప్పుడే పీకేస్తా సార్. పది నిమిషాల పని."

"రాయకముందు పీకి ఉంటే సవరణ అయ్యేది. రాశాక పీకితే సాక్ష్యాన్ని రూపుమాపడం అవుతుంది" అన్నాడు సర్వోత్తమరావు, ఎంతో ఓపికగా. ఆయన కోప్పడే మనిషి కాదు. కోప్పడేవాళ్ళతో అయితే ఏదో ఒక దారి ఉంటుంది.

అరగంటలో ఇద్దరు మనుషులు లక్క కరిగించి తెచ్చి, పాల క్యాను మూత చుట్టూ గుడ్డ కట్టి, నాలుగు క్లిప్పుల మీదా నాలుగు సీళ్ళు వేశారు. లారీ జెండా స్తంభం పక్కన నిలిచిపోయింది. చలమయ్య బస్సులో ఇంటికి వచ్చాడు.

జిల్లా రవాణా అధికారి జగదానందం గారి దర్శనం వారం తిరిగాక దొరికింది. ఆయన గదిలో ఏసీ ఉంది, మొహంలో చిరునవ్వు ఉంది, మాటలో మర్యాద ఉంది. చలమయ్యని కూర్చోమన్నాడు కూడా. సర్వోత్తమరావు ఒక పక్క, సూపరింటెండెంట్ వైకుంఠం ఒక పక్క నిలబడ్డారు. వైకుంఠానికి ముప్ఫై ఏళ్ళ సర్వీసు. రూల్సన్నీ కంఠతా వచ్చు. అవి ఎందుకు పెట్టారన్నది మాత్రం ఆయన ఏనాడూ అడగలేదు.

"మీ సమస్యని నేను శాస్త్రీయ దృక్పథంతో పరిశీలించాను చలమయ్య గారూ" అన్నాడు జగదానందం. "మీరు చల్లగాలి అంటున్నారు. చల్లగాలి అంటే ఏమిటో శాఖాపరమైన నిర్వచనం లేదు. నిర్వచనం లేని పదార్థాన్ని అనుమతించలేము, నిషేధించనూ లేము. అందువల్ల మొట్టమొదట నిర్వచించుకోవలసి ఉంది. వైకుంఠం గారు ఈ విషయంలో చాలా కృషి చేశారు."

వైకుంఠం గొంతు సవరించుకున్నాడు. "కార్యాలయంలోని సమస్త దస్త్రాలూ తిరగేశాను సార్. చల్లగాలి అనే మాట ఒకే ఒక్క చోట ఉంది. అయ్యగారి గదికి ఏసీ కొన్నప్పటి మంజూరు ఉత్తర్వులో. 'ఇరవై నాలుగు డిగ్రీల చల్లగాలిని ఇచ్చునట్టి యంత్రము' అని స్పష్టంగా ఉంది."

"కనుక, ఈ జిల్లాలో ప్రామాణికమైన చల్లగాలి ఈ గదిలో తప్ప ఇంకెక్కడా లేదు" అన్నాడు జగదానందం. ఆ బాధ్యత తన మీద పడినందుకు ఆయన మొహంలో వినయం కనబడింది. "మీ వాహనానికి ఈ గదిలోని గాలిని సరఫరా చేసి చూస్తాం. బయటి గాలితో ఎలా నడిచిందో దీనితోనూ అలాగే నడిస్తే, మీరు పీల్పించినది చల్లగాలే అని రుజువవుతుంది."

"రుజువైతే బండి ఒదులుతారా సార్?"

"రుజువైతే నిర్వచనం ఏర్పడుతుంది. నిర్వచనాన్ని బట్టి విధివిధానాలు రూపొందుతాయి. అవి రూపొందిన పిమ్మట మీ దరఖాస్తు పరిశీలనకు అర్హత పొందుతుంది."

ఈ మూడింటిలో ఏదీ ముప్ఫయ్యో తారీకులోగా అయ్యేలా లేదని చలమయ్యకి అర్థమైంది. అయినా తల ఊపాడు. అంత చల్లటి గదిలో కూర్చుని కాదనడం ఎవరివల్లా కాదు.

పరీక్షకి కావలసిన ఇరవై అడుగుల పైపు దరఖాస్తుదారు సొంత ఖర్చుతో తెచ్చుకోవాలన్నారు. తెచ్చాడు. లారీని అధికారి గది కిటికీ పక్కకి జరిపారు. గొట్టం మూతికి ఉన్న చిల్లుల గిన్నె వంటసామాను కిందికి వస్తుందనీ, అది మోటారు విడిభాగం కాదనీ సర్వోత్తమరావు దాన్ని ఊడదీయించాడు. దానికి రసీదు కూడా ఇచ్చాడు. 'చిల్లులు గల పాత్ర ఒకటి. చిల్లుల సంఖ్య నూట పద్నాలుగు' అని అందులో ఉంది. లెక్కపెట్టడానికి ఒక పూట పట్టింది. తర్వాత ఇరవై అడుగుల పైపు ఒక కొస లారీ గొట్టానికి తగిలించి, రెండో కొస కిటికీలోంచి తెచ్చి జగదానందం గారి బల్ల మీద పెట్టారు.

చలమయ్య వెంట వచ్చిన మీరావలి లారీ ఎక్కి ఇంజను వేశాడు. బల్ల మీది పైపు సన్నగా ఈల వేసింది. గదిలో అందరూ గౌరవంగా లేచి నిలబడ్డారు.

"పీలుస్తోందా?" అన్నాడు జగదానందం.

సర్వోత్తమరావు అరచెయ్యి అడ్డం పెట్టి, "స్వల్పంగా సార్" అన్నాడు.

"ఇంకాస్త రేజ్ చెయ్యమనండి. ఫలితాన్ని అప్పటికప్పుడే నమోదు చేయాలి. వైకుంఠం గారూ, ఫైలు."

ఏడు కాగితాల ఆ ఫైలు వైకుంఠం చేతిలోనే ఉంది. నాలుగు నెలలుగా స్టోరులో అట్టలు లేవు. అందువల్ల ఆ ఏడు కాగితాలకీ మూల ఒక ట్యాగు దారం తప్ప ఏ ఆధారమూ లేదు. బయట మీరావలి యాక్సిలరేటరు తొక్కాడు. వైకుంఠం ఫైలు అందించడానికి బల్ల మీదుగా చెయ్యి చాచాడు. ఏడు కాగితాలూ ఒక్కసారి రెపరెపలాడి, చుట్ట చుట్టుకుని, పైపులోకి వెళ్ళిపోయాయి. ఆయన వేళ్ళ మధ్య దారం మిగిలింది. ఆ కార్యాలయంలో ఒక ఫైలు అంత త్వరగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మీరావలి కిటికీ దగ్గరికి వచ్చి, "ఏందో అడ్డం పడ్డది అన్నా" అన్నాడు.

"ఏం కాలేదు సార్" అన్నాడు చలమయ్య గబగబా. "కాయితాలు ఎక్కడికీ పోవు. ఫిల్టరు దగ్గర ఆగుంటయి. క్యాను మూతకి నాలుగు క్లిప్పులు, అంతే. అర నిమిషంలో తీసిస్తా."

"మూత మీద సీలు ఉంది" అన్నాడు సర్వోత్తమరావు.

"మీరే గదా సార్ వేయించింది. తీసేయండి."

"వేయడానికి నాకు అధికారం ఉంది. తీయడానికి అయ్యగారి ఉత్తర్వు కావాలి."

చలమయ్య జగదానందం వైపు తిరిగాడు. "ఉత్తర్వు రాయడానికి నాకు అభ్యంతరం లేదు" అన్నాడు ఆయన. "ఫైలు పెట్టండి, ఇప్పుడే రాస్తాను."

వైకుంఠం చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా పైపులో పెట్టి చూశాడు. గాలి తప్ప ఏదీ తగల్లేదు.

"కొత్త ఫైలు తెరవండి సార్" అన్నాడు చలమయ్య. "తెల్లకాయితాలు కావాలంటే నేను తెస్తా."

"ఒకే అంశం మీద రెండు ఫైళ్ళు ఉండకూడదయ్యా" అన్నాడు వైకుంఠం, చెయ్యి బయటికి లాక్కుంటూ. "మొదటి ఫైలు పోయిందని పోలీసు రిపోర్టు ఉంటే తప్ప. మనది పోలేదు గదా. ఎక్కడుందో అందరం చూస్తూనే ఉన్నాం."

పై కార్యాలయం వారి తనిఖీ నాలుగు రోజుల్లోనే ఉండడంతో ఈ విషయం మీద అందరికీ ఒకేసారి శ్రద్ధ కలిగింది. తనిఖీవారు ఫైలు చూపించమంటే లారీలో ఉందని చెప్పాలి. కార్యాలయం దస్త్రం ఒక ప్రైవేటు వాహనంలో ఎందుకుందని అడిగితే ఏం చెప్పాలి? దీనికి దారి వైకుంఠమే కనిపెట్టాడు. కాగితాలని లోపల పెట్టుకుని కాపాడే వస్తువు ఏదైనా దాన్ని ఫైలు అట్ట అనే అంటారు. స్టోరులో అట్టలు లేవు. ఉన్నవాటితో సర్దుకోమని పైనుంచి రెండు సర్క్యులర్లు వచ్చి ఉన్నాయి. కాబట్టి ఏడు కాగితాలకీ ప్రస్తుతం అట్ట లారీయే.

లారీ ముందు అద్దానికి ఒక తెల్ల చీటీ అతికించి ఫైలు నంబరు వేశారు. ఫైలు అన్నాక ఎండలో ఉంచకూడదు. రికార్డు రూముకి ముందు గోడ తీసేసి, షట్టరు పెట్టించి, లారీని లోపలికి తోయించారు. దానికి చోటు చాలక నలభై ఏళ్ళ పాత రికార్డులు వరండాలోకి వచ్చాయి. అదే వారం కురిసిన వానకి అవి తడిసి, పరిశీలించాల్సిన పనే లేకుండా పోయాయి. తనిఖీకి వచ్చినవారు రికార్డు రూములో లారీ చుట్టూ ఒకసారి తిరిగి, ఇంత జాగ్రత్తగా భద్రపరిచిన ఫైలు ఇంకే జిల్లాలోనూ చూడలేదని పుస్తకంలో రాసి వెళ్ళారు.

చలమయ్య రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చి, షట్టరు సందులోంచి లారీని చూసుకుని, సాయంత్రం తిరిగి వెళ్ళేవాడు. ఇరవై మూడో తారీకు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

"మన బండి ఇప్పుడు బండి కాదంట. రికార్డంట" అన్నాడు.

సామ్రాజ్యం కూర గిన్నె కింద పెట్టింది. "మా అన్న పొలం కాయితాలు తడిసిపోతే మండలాఫీసులో నకలు ఇచ్చారు. రికార్డైతే నకలియ్యాలి గదా. స్టాంపు అంటించి అర్జీ పెట్టు" అంది.

"బండికి నకలెట్టా ఇస్తారే?"

"ఎట్టా ఇస్తారో వాళ్ళకే తెలవాలి. రికార్డన్నది వాళ్ళే గదా."

చలమయ్య మర్నాడు స్టాంపు అంటించి అర్జీ పెట్టాడు. వైకుంఠం దాన్ని రెండుసార్లు చదివాడు. నవ్వలేదు. నకలు కోసం సరైన రుసుముతో అర్జీ పెట్టినవాడికి ఏడు రోజుల్లో నకలు ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే అధికారి జీతంలోంచి జరిమానా. లారీ జిరాక్సు యంత్రంలో పట్టదు. అక్షరం పొల్లుపోకుండా అలాంటి లారీ ఇంకొకటి తయారు చేయించాలంటే టెండర్లకే ఏడాది పడుతుంది. ఆ వారమంతా జగదానందం గారి చిరునవ్వు కనబడలేదు. ఇరవై తొమ్మిదో తారీకు సాయంత్రం అది తిరిగి వచ్చింది.

"నకలు అంటే ఏమిటి వైకుంఠం గారూ? అసలుతో సరిపోలి ఉన్నదని మనం ధ్రువీకరించినది. రికార్డు రూములో ఉన్న ఆ లారీ, అసలు లారీతో సరిపోలి ఉందా, లేదా?"

"అక్షరాలా సరిపోలి ఉంది సార్."

"అయితే దానిమీదే నకలు ముద్ర వేసి ఇచ్చేయండి."

"మరి అసలు సార్?"

"అసలు రికార్డు రూములో ఉన్నట్టు రిజిస్టరులో ఉంది కదా. రిజిస్టరులో ఉన్నదాన్ని కాదనడానికి మనమెవరం?"

ముప్ఫయ్యో తారీకు పొద్దున షట్టరు ఎత్తారు. నకలు అన్నాక పేజీ పేజీకీ ముద్ర పడాలి. కాబట్టి తలుపులకీ, అద్దాలకీ, బానెట్‌కీ, పది టైర్లకీ, స్టెప్నీకీ నకలు ముద్రలు కొట్టి, ఒక్కొక్క ముద్ర కింద వైకుంఠం వంగి సంతకం చేశాడు. నకళ్ళకి సీళ్ళు ఉండవు గనక లక్క పగలగొట్టారు. మీరావలి నాలుగు క్లిప్పులూ అర నిమిషంలో విప్పి, క్యానులోంచి ఏడు కాగితాలూ తీసి ఇచ్చాడు. వైకుంఠం వాటి మీదా నకలు ముద్రలు వేసి చలమయ్య చేతిలో పెట్టాడు. ఉత్తర్వు లేకుండా ఆ మూత ఎలా తీశారని ఎవరికీ అనుమానం రాలేదు.

"ఫిట్‌నెస్ కాయితం సార్?" అన్నాడు చలమయ్య.

"అది ఎప్పుడో మంజూరైంది. రికార్డు రూములో ఉన్న అసలు లారీని తనిఖీ చేశాం. అది కదలదు, పొగ వదలదు, ఏ గాలీ పీల్చదు. ఏ అభ్యంతరమూ లేదు. ఇదుగో దాని నకలు."

చలమయ్యకి ఆ మాటలు సగమే చెవిన పడ్డాయి. చేతిలో కాగితం ఉంది, ఎదురుగా లారీ ఉంది, సాయంత్రానికి ఇంకా ఆరు గంటల టైముంది. వైకుంఠం కాళ్ళకి దండం పెట్టినంత పని చేసి, మీరావలిని పక్కన ఎక్కించుకుని, ఇంజను వేశాడు. గేటు దగ్గర సర్వోత్తమరావు చెయ్యి అడ్డం పెట్టాడు. లారీ చుట్టూ తిరిగి ముద్రలన్నీ చూశాడు.

"ఇది నకలు" అన్నాడు. "నకలుతో రోడ్డెక్కడానికి వీల్లేదు. ఒరిజినల్ ఏది?"

"రికార్డు రూములో ఉంది సార్. మీ రిజిస్టరులోనే ఉంది."

"చూపించు."

మీరావలిని బండిలోనే ఉంచి ఇద్దరూ వెనక్కి నడిచారు. వైకుంఠం తాళం తీసి షట్టరు ఎత్తి లైటు వేశాడు. గదిలో నేల మీద ఆయిల్ మరక ఒకటీ, టైర్ల గుర్తులూ ఉన్నాయి. ముగ్గురూ కాసేపు ఆ గదిలోకి చూశారు.

"జాగ్రత్తగానే ఉంది" అన్నాడు సర్వోత్తమరావు, రిజిస్టరు చూసి.

"దుమ్ము కూడా పడనివ్వడం లేదు" అన్నాడు వైకుంఠం.

"అయితే దాన్నే ఇచ్చెయ్యండి సార్" అన్నాడు చలమయ్య. "ఇది ఉంచుకోండి. నాకు అదే ఇయ్యండి."

"ఒరిజినల్ బయటికి వెళ్ళేది లేదయ్యా. శాశ్వత రికార్డు. నకలు ఇచ్చాం కదా. ఒరిజినల్‌ని కళ్ళారా చూశానని ఇక్కడ సంతకం పెట్టు. పెడితే ఇన్‌స్పెక్టర్ గారు నకలుని వదిలేస్తారు."

చలమయ్య ఖాళీ గది వైపు చూశాడు. గేటు దగ్గర ఇంజను ఆపకుండా వదిలేసిన తన లారీ చప్పుడు వినబడుతోంది. ఎంత హాయిగా నడుస్తోందో అతని చెవికి తెలుస్తోంది. రిజిస్టరులో చూపించిన చోట 'ఒరిజినల్ చూశాను, బాగానే ఉంది' అని వైకుంఠం చెప్పినట్టే రాసి సంతకం పెట్టాడు. సర్వోత్తమరావు గేటు తీయించాడు. లారీ దాటుతుంటే, వెనక తలుపు మీది ముద్ర కింద ఉన్న చిన్న అక్షరాలు వేలుపెట్టి చూపించి, "ఇది గుర్తుంచుకో. బస్తా ఒక్కటి ఎక్కించావంటే నకలు కూడా దక్కదు" అన్నాడు.

చలమయ్య ఇంటికి చేరేసరికి నాలుగున్నర అయింది. లారీ హారన్ విని సామ్రాజ్యం చేతులు తుడుచుకుంటూ పరుగున బయటికి వచ్చింది. ఆమె మొహం చూసి చలమయ్య తల తిప్పుకున్నాడు. కాబిను దిగకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"వచ్చేసిందిగా. ఇంకేంది, మిల్లుకి పో. అయిదింటికల్లా కాయితం చూపించాలంటివి గదా" అంది.

"లోడు ఎక్కించకూడదంట" అన్నాడు చలమయ్య. "నకలు గదా. చదువుకోటానికి మాత్రం ఇచ్చారు."

సామ్రాజ్యం అయిదో తరగతి దాకా చదివింది. తలుపు దగ్గర మొదలుపెట్టి, అద్దాల మీదివీ, బానెట్ మీదివీ, ఒక్కొక్క టైరు దగ్గరా వంగి దాని మీదివీ, అన్నీ కూడబలుక్కుని చదివింది. అన్నిటి మీదా ఒకటే రాసి ఉంది: 'నకలు. చదువుకొనుటకు మాత్రమే.' చదవడం అయ్యాక ఇంట్లోకి వెళ్ళి, మిల్లు మేనేజరుకి తనే ఫోను చేసి, బండి రాదని చెప్పింది.